దాని కింద స్నానం చేసేదెవరు?

కారుతున్న గీజర్‌ని మనమే మార్చుకోవచ్చా? ఈ ప్రశ్న ఎవర్నడిగినా రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. "పైపు పానా, టెఫ్లాన్ టేపు, డ్రిల్లింగ్ మెషిన్ ఉంటే గంట పని" అనేది ఒకటి. "ఎందుకొచ్చిన గొడవ, ప్లంబర్‌ని పిలువు" అనేది రెండోది. రెండూ చేతనవుతుందా లేదా అన్న దగ్గరే ఆగిపోతాయి. నాకు మాత్రం అసలు ప్రశ్న అక్కడ లేదనిపిస్తుంది. ఒక వస్తువు నాదైనంత మాత్రాన దాన్ని విప్పి మళ్లీ బిగించే హక్కు నాకు వస్తుందా? వస్తే, ఆ హక్కు వెంబడి ఇంకేం వస్తుంది?

వనపర్తిలో మా ఇంట్లో ఉన్న 15 లీటర్ల గీజర్ని ఈ చలికాలం నేనే మార్చాను. పని బాగానే అయింది. కాబట్టి ఇది చేతులు కాల్చుకున్న కథ కాదు. పని మొదలుపెట్టే ముందు అమ్మ రెండు అభ్యంతరాలు చెప్పింది. వాటికి జవాబు వెతుక్కునే క్రమంలో రాసుకున్నది ఇది. మొదటిది: "ఐదొందలు పడేస్తే ప్లంబర్ పిల్లగాడొచ్చి జేసిపోతడు. ఆని పని నువ్వెందుకు గుంజుకుంటవ్?" రెండోది: "నువ్వు ఎల్లుండి హైదరాబాద్ పోతవ్. దాని కింద తానం జేసేది నేను గద బిడ్డా."

నాలాంటి వాళ్లకి సొంతంగా రిపేరు చేసుకోవడం గురించి చెప్పే పుస్తకాలు చాలా ఇష్టం. 1974లో వచ్చిన రాబర్ట్ పిర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' ఎంతమంది ఇంజనీర్ల అల్మారాల్లో ఉంటుందో లెక్కలేదు. 2009లో మాథ్యూ క్రాఫర్డ్ 'షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్' రాశాడు. ఈయన రాజకీయ తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, మోటార్‌సైకిళ్ల రిపేరు షాపు పెట్టుకున్న మనిషి. వీళ్ల వాదనలో బలం ఉంది. పొద్దంతా స్క్రీన్ ముందు కూర్చుని, చేసిన పని ఎక్కడికి పోయిందో కంటికి కనపడని నాలాంటోడికి, ఒక నట్టు బిగిసిందా లేదా అన్నది వాదించి తేల్చేది కాదు అన్న విషయమే పెద్ద ఉపశమనం. పైపుకి మన హోదా, మన మాటకారితనం పట్టవు. సరిగ్గా బిగిస్తే ఆగుతుంది, లేకపోతే కారుతుంది.

కానీ ఆ పుస్తకాల్ని వనపర్తిలో కూర్చుని చదివితే ఒక చోట ముల్లు గుచ్చుకుంటుంది. మా పాత ఉమ్మడి జిల్లా పేరు చెప్తే దేశంలో చాలామందికి గుర్తొచ్చేది 'పాలమూరు లేబర్'. ఎక్కడెక్కడి డ్యాములకో, కాలువలకో, అపార్ట్‌మెంట్లకో మట్టి తవ్వి, తట్టలు మోసిన మనుషులు. చేతిపని వాళ్లకి ఆత్మను చక్కదిద్దే సాధన కాదు, ఊళ్లో బతుకు లేక పట్టుకున్న దారి. ఇదే ఊళ్లో సంస్థానం రాజుల భవనంలో 1959లో పాలిటెక్నిక్ కాలేజీ పెట్టారు. పానా పట్టే చదువు రాజుగారి బంగళాలోకి వెళ్లడం నిజంగా గొప్ప విషయమే. కానీ చదువుకున్నోడికి డ్రాయింగు, చదువుకోనోడికి తట్ట అన్న గీత మాత్రం అక్కడా చెరగలేదు. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఎత్తిచూపింది ఈ తేడానే. పనిని పంచుకోవడం వేరు, మనుషుల్నే పనుల కింద పంచెయ్యడం వేరు. అలా పంచేసిన చోట నేను ఆదివారం పూట పానా పట్టుకుంటే అది సరదా. సోమవారం నుంచి శనివారం దాకా పట్టుకునేవాడికి అది హోదా లేని పని. చేతులు చేసేది ఒకటే, దాని అర్థాలు మాత్రం రెండు.

అయితే అమ్మ మొదటి అభ్యంతరాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే, మన వంట మనం వండుకోవడం కూడా ఒకరి పని గుంజుకోవడమే అవుతుంది. నా పని నేను చేసుకుంటే ప్లంబర్‌కి అన్యాయం జరిగిందని నేననుకోను. ఆ పని చేసి చూశాక కూడా "ఐదొందలా, అరగంట పనికి?" అని బేరమాడితే మాత్రం అది అన్యాయమే. స్టూలెక్కి, తల మీద పెట్టుకున్నంత దగ్గరగా పది కిలోల డబ్బాని ఒక చేత్తో ఆపుతూ, రెండో చేత్తో బోల్టు రంధ్రం వెతుక్కున్నవాడికి ఆ ఐదొందలు అరగంటకి కాదని తెలుస్తుంది. సొంతంగా చేసుకోవడం వల్ల నాకు మిగలాల్సింది డబ్బు కాదు, ఆ తెలివిడి. మొదటి అభ్యంతరానికి నా జవాబు ఇంతే.

రెండోది అంత తేలిగ్గా వదల్లేదు. పిర్సిగ్ బండి మీద వెళ్లేది ముఖ్యంగా పిర్సిగే. గీజర్ అలా కాదు. బిగించేవాడు ఒకడు, దాని కింద రోజూ బట్టల్లేకుండా, తడి ఒంటితో, తలుపు గడియ పెట్టుకుని నిలబడేవాళ్లు ఇంకొకరు. ఇంట్లో ఉన్న వస్తువుల్లో మనిషి ఇంత నిస్సహాయంగా ఎదురు నిలబడేది ఇంకోటి ఉందా అంటే నాకు తట్టలేదు.

గీజర్ లోపల ఏముందో చూస్తే అమ్మ మాట బరువు ఇంకా తెలుస్తుంది. స్టీలు ట్యాంకు, దానికి లోపల గాజులాంటి పూత. ఆ పూతలో ఎక్కడో ఒకచోట సన్నటి పగుళ్లు ఉంటాయి కాబట్టి, ట్యాంకు తుప్పు పట్టకుండా మెగ్నీషియం కడ్డీ ఒకటి పెడతారు. ఆనోడ్ రాడ్ అంటారు దాన్ని. నీళ్లు స్టీలుని తినే బదులు ముందు ఆ కడ్డీని తింటాయి. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున ఉండే రాగిరేకుల కోసం కనిపెట్టిన ఉపాయం ఇది. చిన్న ఇనుప ముక్కో జింకు ముక్కో తగిలిస్తే అది కరిగిపోతూ రాగిని కాపాడింది. రాగి బాగానే ఉంది గానీ ఓడలకి నాచు, గుల్లలు విపరీతంగా పట్టాయి. రాగి కొంచెం కొంచెం కరగడమే వాటిని దూరం పెడుతోందని అప్పుడు తెలిసింది. ఒకదాన్ని ఆపితే ఇంకోటి ఎక్కడో మొదలవుతుంది. రిపేరు చేసే ప్రతివాడూ ఈ కథని గుర్తుంచుకోవాలి.

ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లలో ఆ కడ్డీ తొందరగా అరుగుతుంది. అరిగిపోయాక ట్యాంకు వంతు. మా పాత గీజర్‌ని పెరట్లో విప్పి చూస్తే, వేలంత లావు ఉండాల్సిన కడ్డీ స్థానంలో నడిమి తీగ ఒక్కటే మిగిలి ఉంది. అడుగున గుప్పెళ్లకొద్దీ తెల్లటి పెచ్చులు. అంటే మాకు కనపడిన చుక్క మొదలు కాదు, చివర. అంతకుముందు చాలాకాలం ఆ కడ్డీ చప్పుడు చెయ్యకుండా అరుగుతూ వచ్చింది. దాన్ని చూడాలన్న సంగతే ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మినవాళ్లు చెప్పలేదు, బిగించినవాళ్లు చెప్పలేదు.

ఇంకో చుక్క ఉంది. అది అసలు రోగమే కాదు. చన్నీళ్లు వచ్చే పైపు దగ్గర సేఫ్టీ వాల్వు ఉంటుంది. ట్యాంకులోకి వెళ్లిన నీళ్లని వెనక్కి రానివ్వదు, ఒత్తిడి హద్దు దాటితే మాత్రం బయటికి వదులుతుంది. 25 డిగ్రీల నీళ్లు 75 డిగ్రీలకి వేడెక్కితే రెండు శాతానికి కొంచెం పైన ఉబ్బుతాయి. 15 లీటర్లకి లెక్కేస్తే 300 మిల్లీలీటర్ల పైమాటే, అంటే ఓ పెద్ద గ్లాసుడు. నల్లాలన్నీ కట్టేసి ఉంటే ఆ గ్లాసుడు నీళ్లు ఎటు పోవాలి? అందుకే గీజర్ వేసినప్పుడల్లా ఆ వాల్వు నుంచి చుక్కలు పడతాయి. పడాలి కూడా. కానీ బాత్రూం గోడ మీద తెల్ల చారికలు చూసి చాలామంది దాన్ని లీకేజీ అనుకుంటారు. బిగించి మూసెయ్యమంటారు. మూసే మనిషి కూడా దొరుకుతాడు. చుక్క ఆగుతుంది, గోడ శుభ్రంగా ఉంటుంది. అటుపైన థర్మోస్టాట్ ఒకటి మొరాయించి, దాని వెనకున్న కటౌట్ కూడా పనిచెయ్యకపోతే, లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, ఒత్తిడి మరగనివ్వదు. ట్యాంకు పగిలిన క్షణంలో మాత్రం వాటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీళ్లు ఆవిరైతే దాదాపు పదహారు వందల రెట్లు చోటు కావాలి. బాత్రూంలో అంత చోటు ఉండదు.

1831 జూన్ 17న అమెరికాలోని సౌత్ కరోలినాలో 'బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్ల్‌స్టన్' అనే రైలింజన్ బాయిలర్ పేలింది. సేఫ్టీ వాల్వు నుంచి ఆవిరి బుస్సుమని వచ్చే చప్పుడు విసుగు పుట్టించి, మంట చూసుకునే మనిషి దాన్ని కదలకుండా బిగించేశాడని చెప్తారు. ఆ మనిషి చనిపోయాడు. అతను బానిస అని కూడా చెప్తారు. ఇంజన్ నడిపిన నికొలస్ డారెల్ పేరు చరిత్రలో ఉంది. మంట చూసుకున్న మనిషి పేరు నేను చదివిన కథనాల్లో ఎక్కడా లేదు. తప్పంతా ఆ పేరులేని మనిషి విసుగు మీదకి నెట్టేయడం ఎంత సులువో చూడండి. ఆ చప్పుడు ఎందుకొస్తుందో, ఆపితే ఏమవుతుందో అతనికి ఎవరైనా చెప్పారా అన్నది ఆ కథనాలు అడగవు.

నేను చేసే ఉద్యోగంలో దీనికి రోజువారీ రూపం ఒకటుంది. అర్ధరాత్రి మోగే అలర్ట్‌ని మ్యూట్ చెయ్యడం. సమస్య పోలేదు, అది మనల్ని పిలవడం మానేసిందంతే. అక్కడి నుంచే నాకు ఈ తేడా బోధపడింది. నన్ను ఇబ్బంది పెడుతున్న దాన్ని ఆపడం వేరు, బాగుచెయ్యడం వేరు. గీజర్ ఇంట్లోకి వచ్చినప్పుడే ఒక మాట ఇచ్చింది: వేణ్నీళ్లిస్తాను, నీకు హాని చెయ్యను అని. ఆ మాటని మొత్తంగా మళ్లీ నిలబెడితేనే అది బాగుచేయడం. వేణ్నీళ్ల సగాన్ని మాత్రం నిలబెట్టి రెండో సగాన్ని గాలికి వదిలేస్తే అది చుక్క ఆపడం. చిక్కేమిటంటే, రెండు పనులూ బయటికి ఒకేలా కనపడతాయి. రెండిటి తర్వాతా నేల పొడిగానే ఉంటుంది.

ఇప్పుడు "ఎవరు చెయ్యాలి?" అన్న ప్రశ్నకి రావచ్చు. డబ్బులు తీసుకుని చేసేవాడికి ఒక ప్రలోభం ఉంది: రేపు దాని కింద నిలబడేది అతను కాదు. పిర్సిగ్ పుస్తకంలో రేడియో మోగించుకుంటూ బండిని పాడుచేసే మెకానిక్‌లకి ఉన్న జబ్బు ఇదే. సొంతంగా చేసుకునేవాడికి ఇంకో ప్రలోభం ఉంది: అడిగేవాడెవడూ లేడు. నా ఇల్లు, నా గీజర్, నా ఇష్టం. కాబట్టి లైసెన్సు ఉందా లేదా, డబ్బులు తీసుకున్నాడా లేదా అన్నది అసలు గీత కాదని నాకనిపిస్తుంది. మనకి కేంద్ర ప్రభుత్వం 2022లో 'రిపేరు హక్కు' కోసం కమిటీ వేసింది, పోర్టల్ పెట్టింది. విడిభాగాలు, మాన్యువల్ ఇవ్వకుండా కంపెనీలు మనల్ని కట్టేస్తున్న కాలంలో ఆ హక్కు అవసరమే. కానీ వస్తువు నాది అనే కారణం చేత వచ్చే హక్కు, ఆ వస్తువుని వాడే ఇంకో మనిషి ఒంటి దగ్గర ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఇంకో అర్హత కావాలి. నేను చేసినదాన్ని ఆ మనిషికి చూపించి, ఆమెకి అర్థమయ్యేలా జవాబు చెప్పగలనా అన్నది.

ఆ పరీక్ష పెట్టుకుంటే పని జరిగే తీరే మారిపోయింది. ఎంసీబీ దించడం, చన్నీళ్ల కాక్ కట్టడం, ట్యాంకు ఖాళీ చెయ్యడం, కొత్తదాన్ని తగిలించి పైపులు బిగించడం, వేణ్నీళ్ల నల్లాలోంచి ధార వచ్చేదాకా నింపి చూసుకోవడం: ఇదంతా నేను అమ్మకి చూపించి చెప్పగలను. కరెంటు దగ్గరికి వచ్చేసరికి చెప్పలేనని తెలిసింది. "ఎర్తింగ్ ఉందా?" అని అమ్మ అడిగితే, "సాకెట్‌కి మూడో రంధ్రం ఉంది" అన్నంత వరకే నా జవాబు. అది జవాబు కాదు. అందుకే స్విచ్ వెయ్యకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. ఆయన టెస్ట్ బల్బు తెచ్చి, ఒక వైరు ఫేజ్‌లో, ఇంకోటి ఎర్త్‌లో పెట్టాడు. బల్బు వెలగలేదు. సాకెట్ విప్పి చూసి, "పిన్ను ఉన్నది గని ఎన్క వైరే లేదు సార్" అన్నాడు.

ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసినవాళ్లు ఆ ఒక్క వైరు లాగలేదు. సాకెట్ పైనుంచి చూస్తే ఏ లోటూ కనపడదు. అన్నేళ్లూ అమ్మ, నాయిన ఆ గీజర్ కిందే స్నానం చేశారు. "ఎంసీబీ ఉందిగా" అనుకుంటాం. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద తొమ్మిది యాంపియర్ల దాకా లాగుతుంది. దానికి పెట్టిన 16 యాంపియర్ల ఎంసీబీ ఆ పైన కరెంటు పారితేనే పడిపోతుంది. మనిషి ప్రాణం తియ్యడానికి యాంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఎర్తింగ్, దానికి తోడు 30 మిల్లీయాంపియర్ల తేడా వస్తేనే కట్టయ్యే ఆర్‌సీసీబీ. ఆయనే రెండూ పెట్టి, బల్బు వెలగడం అమ్మకి చూపించి వెళ్లాడు. నేను బేరమాడలేదు.

ఆలోచిస్తే ఒళ్లు జలదరించేది ఏంటంటే, ట్యాంకు కారకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ప్లంబర్ వచ్చి గీజర్ మాత్రమే మార్చి వెళ్లినా తెలిసేది కాదు, నేను "నా ఇష్టం" అని బిగించి స్విచ్ వేసినా తెలిసేది కాదు. ఇద్దరిలో ఎవరు చేసినా నేల పొడిగానే ఉండేది.

ఇట్లాంటి విషయాల్లో మన దగ్గరే ఒక పెద్ద పాఠం ఉంది. మదనాపూర్ దగ్గరి సరళాసాగర్. వనపర్తి రాజా రామేశ్వరరావు కాలంలో మొదలై 1959లో పూర్తయిన ఈ ప్రాజెక్టుకి ఆటోమేటిక్ సైఫన్లు ఉన్నాయి. నీళ్లు నిండు మట్టానికి రాగానే సైఫన్లు వాటంతటవే తెరుచుకుని నీళ్లని కిందికి లాగేస్తాయి. మట్టం తగ్గగానే గాలి చొరబడి ఆగిపోతాయి. గేట్లెత్తే మనిషి అక్కర్లేదు. గీజర్ సేఫ్టీ వాల్వు చేసే పనే, చెరువంత కొలతలో. చిన్నప్పుడు స్కూల్ పిల్లలందరం నోరెళ్లబెట్టి చూసిన వింత. 2019 డిసెంబర్ 31న ఆ ప్రాజెక్టుకే గండి పడింది. తెగింది సైఫన్లు కాదు, మట్టికట్ట. పొంగే నీళ్ల సంగతి సైఫన్ చూసుకుంటుంది. కట్ట లోపలి బలహీనతని మాత్రం ఎంత తెలివైన సైఫనూ చూడలేదు. దానికి కట్ట మీద నడిచే మనిషి కావాలి, ఆ మనిషి చెప్తే వినేవాళ్లు కావాలి. తర్వాత కట్టని మళ్లీ కట్టారు.

కాబట్టి బాగుచెయ్యడం ఒక్క రోజు పనీ కాదు, ఒక్క మనిషి పనీ కాదు. కొత్త గీజర్ పక్కన గోడ మీద మార్కర్‌తో తేదీ రాశాను. రెండేళ్లకి ఆనోడ్ విప్పి చూడాలని దాని కింద రాశాను. వాల్వు నుంచి చుక్క పడితే భయపడొద్దని, ఎప్పుడూ పడకపోతేనే నాకు ఫోన్ చెయ్యమని అమ్మకి చెప్పాను. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కడం ఇప్పుడు ఆమె పని. ఇదంతా నా గొప్ప కోసం చెప్పట్లేదు. రిస్కు ఆమెది అయినప్పుడు, దాని గురించిన జ్ఞానం నా ఒక్కడి దగ్గరే ఉండిపోవడం కూడా ఒక రకం మోసమే అనిపించింది.

కారుతున్న గీజర్‌ని మనమే మార్చుకోవచ్చా అంటే, మార్చుకోవచ్చు అంటాను. చేసిన ప్రతిదాన్నీ దాన్ని వాడేవాళ్లకి విప్పి చూపించగలిగితే. చూపించలేని భాగం దగ్గర ఆగి, చూపించగలవాణ్ణి పిలిచి, అతను అడిగినంత ఇవ్వగలిగితే. గోడల వెనక వైర్లు ఎవరు లాగారో, స్లాబు కింద సలాకలు ఎవరు కట్టారో మనలో ఎవరికీ తెలియదు. పేర్లు తెలియని ఆ చేతుల మీద నమ్మకంతోనే రోజూ పొద్దున తలుపేసుకుని స్నానానికి వెళ్తాం. ఒక్కసారి పానా మన చేతికొచ్చిందంటే, ఇంకొకరు అట్లాగే నమ్మి తలుపేసుకునే ఆ చేతులు మనవవుతాయి.